తాడు అందినను ఎక్కనివాడు



పోయిన నెలలో మడివాళ కూడిక ముగిసి అందరమును టీ తాగుచుండగా ఒక యౌవనుడు మా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. అతని మేనమామ సి.ఆర్.పి.ఎఫ్.లో పనిచేసి రిటైరయిన మనిషి. "అయ్యగారూ, గాయపడినవాణ్ణి వదిలేసి వచ్చినవాడు పిరికివాడేనా? మా మామయ్య అవునంటాడు. నాకు తేలడం లేదు" అని అడిగెను. అతడు అడిగినది సుక్మా సంగతి.

ఆ ప్రాంతము మనకు దూరము కాదు. మన చింతూరు దాటితే కోంట, అది సుక్మా జిల్లాలోనిదే. 2013 జనవరి 18న వైమానిక దళము వారి ఎం.ఐ.-17 హెలికాప్టరు, ఎదురుకాల్పులలో గాయపడినవారిని తెచ్చుటకు తెమెల్‌వాడ అను చోటికి వెళ్లినది. మావోయిస్టుల తూటాలు తగిలి అడవి ప్రాంతములోనే దిగవలసి వచ్చినది. అందులోనున్న రాష్ట్ర పోలీసు వైర్‌లెస్ ఆపరేటరుకు తూటా దెబ్బ తగిలినది. సిబ్బంది ఆరుగురును అతనిని హెలికాప్టరులోనే ఉంచి, కాలినడకన చింతగుఫా క్యాంపు చేరిరి. తరువాత బలగములు వెళ్లి అతనిని తెచ్చినవి. దేవుని దయవలన అతడు బ్రతికెను. గాని విమర్శలు గట్టిగా వచ్చినవి, విచారణకు ఆదేశించిరి. సహాయము తెచ్చుటకే వెళ్లిరని వైమానిక దళము వారి జవాబు.

ఆ జవాబును కొట్టివేయుట తేలిక. తూటా దిగిన మనిషిని భుజాన వేసుకొని అడవిలో నడచితే దారిలోనే ప్రాణము పోవచ్చును. అందరును అక్కడనే ఉండి పట్టుబడితే ఏడుగురును పోవుదురు. లెక్క సరిగానే ఉన్నది. అయినను సహాయము పిలుచుటకు ఆరుగురు కావలెనా అను ప్రశ్న మనస్సులో ముల్లువలె ఉండిపోవుచున్నది.

ఇక్కడ మరియొక హెలికాప్టరు మనిషి సంగతి చెప్పవలెను. పేరు విలియం పిట్సెన్‌బార్గర్, అమెరికా వైమానిక దళములో రక్షణ సిబ్బంది, వయస్సు 21. 1966 ఏప్రిల్ 11న వియత్నాం అడవిలో ఒక పదాతి దళము శత్రువుల నడుమ చిక్కుకొన్నది. హెలికాప్టరు దిగుటకు చోటు లేదు. చెట్ల మీదనే గాలిలో నిలిపి ఇతనిని తాడుతో క్రిందికి దించిరి. గాయపడినవారిని బుట్టలో కట్టి పైకి పంపుట ఇతని పని. అట్లు తొమ్మిదిమంది పైకి వెళ్లిరి. అంతలో హెలికాప్టరుకు తూటాలు తగిలినవి. ఇతడు ఎక్కవచ్చును, ఎక్కియుంటే ఎవ్వరును తప్పుపట్టరు. ఇతడు మాత్రము మీరు వెళ్లండని చేయి ఊపి, క్రిందనే ఉండిపోయెను. కట్లు కట్టెను, చనిపోయినవారి తూటాలు ఏరి బ్రతికియున్నవారికి అందించెను. ఆ సాయంకాలమే హతుడాయెను. 34 ఏండ్ల తరువాత, 2000 డిసెంబరు 8న, వారి అత్యున్నత పతకమును అతని తండ్రి చేతికిచ్చిరి. ఆ యుద్ధము న్యాయమా అన్యాయమా అని అమెరికావారే ఇంకను తగవులాడుకొనుచున్నారు. మనకు ఆ వాదము వద్దు. నేలమీద పడియున్నవాడు యుద్ధము కాదు, మనిషి.

లెక్క చూచినచో శిక్షణ పొందిన మనిషి ఒకడు నష్టము. అతడుండి ఎందరిని బ్రతికించెనని కొలుచుట కూడ కష్టమే. అయితే ఆ గంటలలో అక్కడ పడియున్నవారికి తమ దగ్గరకు ఒకడు వంగియున్నాడని తెలియును. దీనికి వెల కట్టు తూనిక మనకు లేదు.

మేము ఇది తేలికగా వ్రాయుట లేదు. మా తల్లిగారు మంచము పట్టిన దినములలో మేము ఈ ఊరిలోనే ఉంటిమి. సెలవు దొరకదంటిమి, మనియార్డరు మాత్రము తప్పక పంపితిమి. మందులకు లోటు రాలేదు. ప్రక్కన కూర్చుండి నీళ్లు పోసినది పొరుగింటి ముసలమ్మ. సహాయము పంపుటకే దూరము వచ్చితిమని మేమును అంటిమి. అది అబద్ధము కాదు, మీలో అనేకులు కూడ ఈ మాటే చెప్పుకొని రాత్రి బస్సెక్కి మడివాళలో దిగినవారే. ఆ డబ్బుతోనే తమ్ముళ్లు చదివిరి, ఇండ్లు లేచినవి. అయినను మా తల్లిగారు చివరి వారములో అడిగినది మందులను కాదని ఆ ముసలమ్మ మాతో చెప్పెను. ఎవరిని అడిగెనో కూడ చెప్పెను.

అందువలన ఆ యౌవనునికి మేము చక్కని జవాబు ఇవ్వలేకపోతిమి. ఆ ఆరుగురిని పిరికివారనుటకు మాకు నోరు రాలేదు. తూటాల క్రింద నిలిచి చూచినవారు వారు, మేము కాదు. ఉండిపొమ్మని ఎవ్వరిని ఎవ్వరును ఆజ్ఞాపించలేరు, ఆజ్ఞాపిస్తే అది పిట్సెన్‌బార్గర్ చేసినది కాకపోవును. ఒక్కడు ఉండియుంటే బాగుండునని మాత్రము చెప్పితిమి.

"ఆ ఒక్కడు ఎవరై ఉండాలండీ?" అని అతడు వెంటనే అడిగెను.

టీ చల్లారిపోయినది. మా పేరు చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు.