పిట్టను ప్రేమించడమంటే ఏమిటి?

అందమైనదేదైనా కంటబడితే మనిషి మనసులో మొదట పుట్టే కోరిక, దాన్ని తనదిగా చేసుకోవాలని. పువ్వు కనిపిస్తే కోస్తాడు. పిట్ట కనిపిస్తే పట్టుకుంటాడు. ఆ తర్వాత ఆ పనికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాడు. మరి చేయి చాచకుండా ప్రేమించడం సాధ్యమేనా? ఊరికే నిలబడి చూడడం కూడా ఒక మంచి పని అవుతుందా, లేక అది పనిలేని వాళ్ల కాలక్షేపమా? ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి పాఠకులను ఈసారి ఇంగ్లండు దక్షిణాన ఉన్న సుద్ద కొండలపైకి తీసుకెళ్తాం.

సుద్ద కొండల మీద వేకువ

వించెస్టర్ పట్టణం దగ్గర మొదలై ఈస్ట్‌బోర్న్ వద్ద సముద్రంలోకి తెగిపోయే ఈ కొండల వరుసను సౌత్ డౌన్స్ అంటారు. వీటి వెన్ను మీదుగా సుమారు 160 కిలోమీటర్ల కాలిబాట ఉంది. 2010లో ఈ ప్రాంతం జాతీయ ఉద్యానవనమైంది. ఈ తెల్లని రాయి ఒకప్పటి సముద్రగర్భం. కంటికి కనబడనంత చిన్న సముద్ర జీవుల పెంకులు కోట్లాది సంవత్సరాలు అడుగున పేరుకుని ఈ కొండలుగా మారాయి. పైన మట్టి చాలా పలుచన. వానపడితే నీరు రాతిలోకి ఇంకిపోతుంది. శతాబ్దాలుగా గొర్రెలు మేసిన పొట్టి గడ్డి తివాచీలా ఉంటుంది. ఆ గడ్డిలో ఒక్క చదరపు మీటరులోనే 40 రకాల దాకా మొక్కలు కనిపించే చోట్లున్నాయి.

జూన్ నెలలో అక్కడ సూర్యుడు అయిదు గంటలకు ముందే ఉదయిస్తాడు. పిట్టలను చూడాలనుకునే వాళ్లు ఆ వేళకే దుర్భిణీలు మెడలో వేసుకుని కొండెక్కుతారు. ఎండ ముదిరితే పిట్టల సందడి తగ్గిపోతుంది, దూరాన గాలి వేడికి అలలాడి చూపు నిలవదు. కాబట్టి మంచు ఆరకముందే నడుస్తారు, మెల్లగా మాట్లాడతారు, తరచూ ఆగుతారు.

వాళ్లు ఎక్కువగా ఎదురుచూసే పిట్టల్లో ఒకటి స్కైలార్క్. మన భరత పక్షికి దగ్గరి బంధువు. ఈ జాతి పిట్టలను ఉర్దూలో చండూల్ అంటారు. చూడడానికి మట్టిరంగు, పిచ్చుక కంటే కొంచెం పెద్దది. నేల మీది నుంచి నిటారుగా పైకి లేచి, కంటికి చుక్కంత అయ్యేదాకా వెళ్లి, అక్కడే రెక్కలాడిస్తూ నిమిషాల తరబడి పాడుతుంది. దాని గూడు మాత్రం నేల మీదే, గడ్డి దుబ్బుల మధ్య ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు గూటి మీద నేరుగా వాలదు. కొంత దూరంలో దిగి, గడ్డిలో నడుచుకుంటూ వెళ్తుంది. గూడు ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదన్నదే దాని జాగ్రత్త.

మూడు చూపులు

ఈ కొండల మీద పిట్టను మనిషి మూడు రకాలుగా చూశాడు. మొదటిది ఆకలి చూపు. వీటియర్ అనే చిన్న పిట్టలు ఆఫ్రికాకు వలస పోయే ముందు ఇక్కడ గుంపులుగా చేరేవి. గొర్రెల కాపరులు గడ్డిపెళ్లలు తవ్వి, గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు పన్ని, వాటిని వేల సంఖ్యలో పట్టి సంపన్నుల భోజనాలకు అమ్మేవారు. చండూలునూ అలాగే లండన్ అంగళ్లలో మాంసానికి అమ్మారు. రెండవది పంజరపు చూపు. పాట బాగుందని అదే చండూలును తెచ్చి చిన్న బోనులో పెట్టారు. ఆకాశంలో పాడడమే దాని స్వభావం. దాని నుంచి ఆకాశాన్ని తీసేసి, పాటను మాత్రం ఉంచమన్నారు!

మూడవది పరిశీలన చూపు. ఈ సుద్ద కొండల చెంతనే ఉన్న సెల్‌బోర్న్ గ్రామంలో 18వ శతాబ్దంలో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు ఉండేవాడు. చూడడానికి ఒకేలా ఉండే మూడు చిన్న పిట్టలు వేర్వేరు జాతులని, వాటి పాటలను ఓపికగా విని గుర్తించాడు. అతని పుస్తకం 1789లో వెలువడింది. తర్వాతి కాలంలో, 1889లో, టోపీలకు పిట్టల ఈకలు పెట్టుకోబోమంటూ కొందరు మహిళలు ముందుకొచ్చి ఒక సంఘం పెట్టారు. నేడు బ్రిటన్‌లో పక్షులను కాపాడే అతిపెద్ద సంస్థ అదే. 1954 నాటికి అడవి పక్షులనూ వాటి గుడ్లనూ కాపాడే సమగ్ర చట్టం వచ్చింది.

దివ్య ఖుర్ఆన్ కూడా తమ తలలపైన రెక్కలు చాచి ఎగిరే పక్షులను గమనించలేదా అని మనుషులను నిలదీస్తుంది (అల్ ముల్క్ : 19). పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని చెబుతుంది (అల్ అన్ఆమ్ : 38). గమనించమని చెప్పిన చోట మనం పట్టుకోవడంతో సరిపెట్టుకుంటే ఆ సూచనను సగమే చదివినట్లు కాదా?

ద్వేషం లేని హాని

ఇక్కడ ఒక విషయం లోతుగా ఆలోచించాలి. ఉచ్చులు పోయాయి, పంజరాలు పోయాయి, చట్టమూ వచ్చింది. అయినా 1970ల నుంచి బ్రిటన్‌లో చండూళ్ల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. వాటిని ఎవరూ ద్వేషించలేదు. రైతులు గోధుమను వసంతంలో విత్తడం తగ్గించి, శరదృతువులో విత్తడం మొదలుపెట్టారు. అంతే! శరత్కాలపు పైరు మే నెలాఖరుకే ఒత్తుగా, ఎత్తుగా పెరిగిపోతుంది. ఏడాదికి రెండు మూడు సార్లు పిల్లలను చేసే పిట్టకు రెండవ గూటికి చోటు దొరకదు. చలికాలంలో తిండిగింజలు దొరికే కోతమోళ్ల పొలాలు కూడా మిగలవు.

'నా ఉద్దేశం మంచిదే' అనే మాట అన్ని వేళలా సరిపోదని దీన్నిబట్టి తెలుస్తోంది. సంకల్పాన్ని బట్టే కర్మల విలువ అన్నది నిజమే. కానీ హాని జరుగుతోందని తెలిసిన తర్వాత కూడా అదే దారిలో నడిస్తే, ఆ సంకల్పం ఇక అమాయకమైనది కాదు. సంతోషకరమైన విషయమేమిటంటే, పరిష్కారం పెద్దదేమీ కాదు. హెక్టారుకు రెండు చోట్ల, ఒక్కొక్కటి 16 నుంచి 24 చదరపు మీటర్ల మేర విత్తకుండా వదిలితే చాలు, పిట్ట అక్కడ దిగి చుట్టుపక్కల పిల్లలను సాకుతుంది. రైతుకు కలిగే నష్టం చాలా స్వల్పం. ఒక ప్రాణి బతకడానికి మనం వదలాల్సింది ఒక్కోసారి అంత కొంచెమే.

చూపుకూ అదబ్ ఉంది

అయితే చూసే వాడు మాత్రం పూర్తిగా నిర్దోషి అనుకోవచ్చా? ఫోటో కోసం గూటి దగ్గరికి వెళ్లేవాడు, గొలుసు లేకుండా కుక్కను వదిలేవాడు తల్లిపిట్టను గూటి నుంచి లేపేస్తారు. గుడ్లు చల్లబడతాయి. అందుకే గూళ్ల కాలంలో బాట దిగవద్దని, కుక్కలను కట్టి ఉంచమని ఆ కొండల మీద సందర్శకులకు చెబుతారు. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకున్నప్పుడు, తల్లిపిట్ట తల్లడిల్లడం చూసి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించిన సంఘటన మనకు తెలిసిందే.

మన ఇళ్లలో

పంజరంలో పిట్టను పెంచడం నిషిద్ధమా అని కొందరు అడుగుతారు. అబూ ఉమైర్ అనే బాలుని చిన్న పిట్ట గురించిన హదీసును ఆధారం చేసుకుని, తిండి, నీళ్లు సరిగా ఇచ్చి, బాధించకుండా ఉంటే పెంచవచ్చని పలువురు పండితులు చెప్పారు. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్ష పొందిన హదీసు కూడా వాళ్ల ముందుంది. అయితే అనుమతి ఉన్న ప్రతి పనీ ఉత్తమమైన పని కాదు. పైగా మన దేశంలో అడవి రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వరండాలో వేలాడే మిట్టూ ఒక గూటి నుంచి దొంగిలించి తెచ్చిన పిల్ల అని మనలో ఎందరం ఆలోచించాం?

సోదర సోదరీమణులారా! ఫజ్ర్ నమాజు తర్వాత మళ్లీ పడుకోకుండా, పిల్లలను తీసుకుని ఊరి చెరువు గట్టు మీదికో, డాబా మీదికో వెళ్లండి. దుర్భిణీ అక్కర్లేదు. ఒక్క పిట్టనైనా పావుగంట కదలకుండా చూడనివ్వండి. అది ఏం తింటోంది, ఎక్కడ దాక్కుంటోంది, ఎవరిని పిలుస్తోంది అని అడగండి. పిల్ల చేయి చాస్తే ఆపి, కళ్లతోనే చూడమని చెప్పండి. తనది కాని దాన్ని కూడా ప్రేమించడం నేర్చుకున్న పిల్ల రేపు పొరుగువాడి మేలు చూసి కూడా సంతోషించగలదు.

అల్లాహ్ తన సృష్టిని చూసే కళ్లను, దాన్ని బాధించని చేతులను మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.