రెండు సంఘముల సభ్యులు

ధ్యాన భాగములు: ఆదికాండము 47:13–26, ద్వితీయోపదేశకాండము 15:1–11, అపొస్తలుల కార్యములు 6:1–7



మృగశిర కార్తె ప్రవేశించు దినములలో మన గ్రామములయందలి వ్యవసాయ సహకార సంఘములు తమ సభ్యులకు ఒక నోటీసు పంపును, లేక సొసైటీ ఆఫీసు గోడకు అంటించును. ఇప్పుడు కొన్నిచోట్ల అది సెల్‌ఫోనునకు కూడ వచ్చుచున్నది. ఏ వరి విత్తనము గోదాములోనికి వచ్చినది, యూరియా బస్తాలు ఎన్ని దిగినవి, పోయిన పంట అప్పు ఎంత వసూలైనది, ఎంత బాకీ నిలిచినది, కొత్త అప్పునకు ఏ దినములోగా దరఖాస్తు ఇయ్యవలెను, మహాజన సభ ఎప్పుడు, ఇవి అందులోని సంగతులు. మనలో పెక్కుమంది విత్తనముల వరుస చదువుదురు, యూరియా వరుస చదువుదురు, అంతటితో ఇంటికి పోవుదురు. బాకీల వరుస యొద్ద ఎవరును నిలువరు. ఈ నెల మనము ఆ వరుస యొద్దనే కొంచెము సేపు నిలిచి ధ్యానింతము.

మన పల్లెలలో సంఘములు రెండు. ఆదివారము గంట కొట్టగా కూడుకొనునది ఒకటి, ఎరువుల కొరకు బారులు తీరునది మరియొకటి. రెండింటి పుస్తకములలోను మన పేరున్నది. మొదటి దానిలో మనము భక్తిపరులమని పేరు. రెండవ దానిలో ఎట్టివారమో బాకీల పట్టిక చెప్పును. సొసైటీ ప్రభువు శరీరము కాదు, సువార్త ప్రకటించుట దాని పనియు కాదు. అయినను ఒక అవయవపు నొప్పి శరీరమంతటి నొప్పియే అని పౌలు కొరింథీయులకు బోధించిన సంగతి (1 కొరింథీ. 12:26) సొసైటీ లెక్కలలో కూడ కనబడును.

ఎట్లనగా, గ్రామ సొసైటీ యొద్ద స్వంత ధనము కొంచెమే. అది జిల్లా కేంద్ర సహకార బ్యాంకు నుండి సొమ్ము తెచ్చి మనకిచ్చును. జిల్లా బ్యాంకు రాష్ట్ర సహకార బ్యాంకు నుండి తెచ్చును. ఆ పైన 1982లో ఏర్పడిన నాబార్డు ఉన్నది. మనము తీర్చిన సొమ్ము ఆ మెట్లన్నియు మరల ఎక్కవలెను. గ్రామములో బాకీ నిలిచినచో సొసైటీ జిల్లా బ్యాంకునకు చెల్లింపజాలదు. చెల్లింపని సొసైటీకి మరుసటి పంటకు వచ్చు సొమ్ము తగ్గిపోవును. అప్పుడు గడువులోగా పైసలతో సహా తీర్చిన విధవరాలు కూడ సెక్రటరీ బల్లయొద్ద “ఈసారి డబ్బు రాలేదమ్మా” అను మాట విని తిరిగి వచ్చును. ఆమె ఎవరి బాకీకి శిక్ష అనుభవించుచున్నది?

ఆమె అక్కడనుండి ఎక్కడికి పోవునో మనకందరికి తెలియును. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీ పుచ్చుకొనువాని అరుగు మీదికే పోవును. లెక్క చూడుడి. లక్ష రూపాయలకు ఏడాదికి 24 వేలు, లేక 36 వేలు. సొసైటీలో, కేంద్ర ప్రభుత్వపు ఏర్పాటు చొప్పున, 3 లక్షల వరకు పంట అప్పునకు వడ్డీ 7 శాతము. గడువులోగా తీర్చిన వారికి అందులో 3 శాతము తగ్గింపు. అనగా లక్షకు 7 వేలకు బదులు 4 వేలే. ఆ మిగిలిన 3 వేలతో 45 కిలోల యూరియా బస్తాలు 11 కొనవచ్చును. బస్తా 266 రూపాయల 50 పైసలు. ఈ తేడా సంగతి మన ఇంటి ఆడవారికి మనకన్న బాగుగా తెలియును.

ఇప్పుడు ఐగుప్తునకు పోదము. కరవు వచ్చినప్పుడు జనులు మొదట వెండి తెచ్చి ధాన్యము కొనిరి. వెండి అయిపోయెను. తరువాత గుఱ్ఱములను, గొఱ్ఱెలను, ఎద్దులను, గాడిదలను తెచ్చిరి. అవియు అయిపోయెను. ఆ మీదటి సంవత్సరమున వారు యోసేపు నొద్దకు వచ్చి, ఇక మా దేహములును పొలములును తప్ప ఏమియు మిగలలేదు, నేల బీడుపడకుండ విత్తనమిమ్మని వేడుకొనిరి. యోసేపు విత్తనమిచ్చెను. పంటలో అయిదవ భాగము ఫరోకు, నాలుగు భాగములు విత్తనమునకును ఇంటివారి తిండికిని వారికే అని నిర్ణయించెను. అనేకుల ప్రాణములు నిలిచెను. దానికి దేవునికి స్తోత్రము. అయినను ఈ అధ్యాయము చదువునప్పుడెల్ల దిగులు కలుగక మానదు. విత్తనము దొరికెను గాని, విత్తువాడు తన చేను పోగొట్టుకొని దాసుడాయెను.

ఇది మన తాతలు ఎరిగిన కథయే. వారు ఆసామి యింట నాగు గింజలు తెచ్చుకొనిరి. పంట రాగానే కళ్లములోనే పుట్టికి పుట్టిన్నర కొలిచి యిచ్చి, అడుగున ఊడ్చిన తాలు ఇంటికి తెచ్చుకొనిరి. చేను ఉన్నవానికి చేను పోయెను. చేను లేనివాడు జీతగాడై ఇంకొకని దొడ్డిలో పడియుండెను. మనిషి తన్ను తాను అమ్ముకొనకుండ విత్తనము పొందు దారి ఏది అను ప్రశ్నకు ఉత్తరముగా సహకార సంఘము పుట్టినది.

అది పుట్టిన విధము మన సంఘస్థులు తెలిసికొనదగినది. జర్మనీ దేశములో ఫ్రీడ్రిచ్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అను ప్రొటెస్టంటు విశ్వాసి వైయర్‌బుష్ అను పల్లెకు మేయరుగా ఉండగా, 1846–47 శీతకాలమున కరవు వచ్చెను. ఆయన కలిగినవారి చేత చందాలు వేయించి, పిండి తెప్పించి, ఊరి పొయ్యిలో రొట్టెలు కాల్చి బీదలకు అప్పుగా ఇప్పించెను. కొన్ని సంవత్సరముల అనుభవము వలన ఆయన తెలిసికొన్నదేమనగా, కలిగినవారి దయ ఒక చలికాలము నిలుచును గాని ప్రతి సంవత్సరము నిలువదు. బీదలే ఒకరికొకరు పూచీపడి, తామే తమకు అప్పిచ్చుకొనవలెను. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో ఆయన ఆ విధమైన అప్పుల సంఘము నిలిపెను. సభ్యులందరును ఒకరి అప్పునకు ఒకరు బాధ్యులు. ఆయనకు కంటి చూపు మిక్కిలి మందగించినను ఆ పని విడువలేదు.

మన దేశమునకు అది ఎట్లు వచ్చెను? చెన్నపట్టణపు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని ఈ సంగతి పరిశీలింప నియమించగా, ఆయన 1895లోను 1897లోను నివేదిక సమర్పించెను. మన జిల్లాలలో అనేకము ఆనాడు ఆ రాజధానిలోనివే. ఆ నివేదిక సారము రైఫైజెన్ వంటివానిని వెదకుడి అనుటయే. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. సేలములో పుట్టిన కె. టి. పాల్‌గారు వై.ఎం.సి.ఏ. పక్షమున పల్లెలకు పోయినప్పుడు ఇట్టి సంఘములనే తన పనికి సాధనముగా పట్టుకొనెను. తెలంగాణములో ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో ఏ. కె. విశ్వనాథరెడ్డిగారి పూనికతో స్థాపింపబడి నేటికిని నడచుచున్నది. పల్లెటూరి రైతులు తమ సొసైటీని తామే నిలుపుకొనజాలరు అనువారు అక్కడికి పోయి చూడవచ్చును.

ఇక బాకీల వరుసకు తిరిగి వత్తము. ధర్మశాస్త్రములో ఏడవ సంవత్సరము విడుదల సంవత్సరము. ఆ యేట అప్పిచ్చినవాడు అప్పు విడిచిపెట్టవలెను. అది దేవుని కనికరము. అయితే ద్వితీయోపదేశకాండము 15:9లో ఒక హెచ్చరిక ఉన్నది. ఏడవ యేడు దగ్గరపడినదని తలంచి, ఇచ్చినది ఎట్లును తిరిగిరాదు గదా అని బీద సహోదరుని యెదుట చెయ్యి ముడుచుకొనవద్దని అప్పిచ్చువానికి ఆజ్ఞ. మన దినములలో ఆ మాట తలక్రిందులైనది. ఎన్నికలు దగ్గరపడినవని తలంచి, అప్పు తీసికొన్నవాడు చెయ్యి ముడుచుకొనుచున్నాడు.

ఋణమాఫీ పాపమని ఈ మాటలకు అర్థము కాదు. 1990లోను, 2008లోను దేశమంతట, 2014లో మన రెండు రాష్ట్రములలోను మాఫీలు జరిగెను. తెలంగాణలో 2018లో ప్రకటించిరి, మరల 2024లో 2 లక్షల వరకు చేసిరి. వాటివలన ఉరిత్రాడు నుండి తప్పిన కుటుంబములున్నవి. నెహెమ్యా ఐదవ అధ్యాయములో పొలములను, పిల్లలను కుదువపెట్టిన జనుల మొఱ్ఱ విని, నెహెమ్యా ప్రధానులను నిలదీసి పొలములను తిరిగి యిప్పించెను. వారు తీసిన నూరవ భాగము వడ్డీ, నెలకు అని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయము. అనగా మన ఊరి లెక్కలో నూటికి రూపాయి! దానికే నెహెమ్యా కోపపడెను. కాబట్టి తీర్చలేనివానికి విడుదల కోరుట వాక్యానుసారమే.

మనము మాటలాడునది తీర్చగలిగియు తీర్చనివానిని గూర్చి. పంట అమ్మెను, కొత్త మోటారు బండి కొనెను, కూతురి పెండ్లికి మూడు దినములు మైకు పెట్టించెను. సెక్రటరీ అడుగగా, “ఈసారి మాఫీ వస్తుందటగా, చూద్దాం లెండి” అనెను. వీడు మన సంఘములో లేడని ఎవరైన చెప్పగలరా? అప్పు పుచ్చుకొని తీర్చనివానిని ముప్పది యేడవ కీర్తన (21వ వచనము) ఏ పేరుతో పిలుచుచున్నదో మీరే తెరచి చూడుడి. వీనికి మాఫీ వచ్చినను రాకున్నను, ఆ నడుమ విత్తనపు సమయము దాటిపోయి నష్టపడునది ఆ విధవరాలు.

నిజముగా పంట పోయినవాడును తన పట్ల తాను న్యాయము చేసికొనవలెను. సిగ్గుచేత సొసైటీ వీధికి పోక తప్పించుకొని తిరుగవద్దు. గడువునకు ముందుగానే పోయి చెప్పుడి. తుపానువలన గాని అనావృష్టివలన గాని పంట 33 శాతమో అంతకు మించియో నష్టమైనట్లు ప్రభుత్వము గుర్తించిన చోట్ల, పంట అప్పును అనేక సంవత్సరముల వాయిదాలుగా మార్చు పద్ధతి బ్యాంకు నిబంధనలలో ఉన్నది. అడుగనివానికి అది దొరకదు. విత్తనపు బస్తామీది చీటీని, బిల్లును పంట ఇంటికి వచ్చువరకు దాచుకొనుట కూడ మరువకుడి. మొలక రానప్పుడు ఆ చీటీయే సాక్షి.

పాలకవర్గములో మనవారు ఉన్నచోట్ల వారికి ఒక మాట. యెరూషలేములోని బీదలకై చందా తీసికొనిపోవునప్పుడు, పౌలు అంతటివాడు కూడ సొమ్ము ఒంటరిగా మోయలేదు. తన్నెవరును తప్పుపట్టకుండ సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకొనెను (2 కొరింథీ. 8:18–21). దేవుని యెదుట మాత్రమే గాక మనుష్యుల యెదుట కూడ లెక్క సరిగా ఉండవలెనని ఆయన ఆశ. “నన్ను నమ్మరా?” అని సభలో కోపపడు డైరెక్టరు పౌలుకన్న గొప్పవాడు కాడు గదా.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము ఒక మహాజన సభ సంగతి. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రకు భాగము అందుట లేదని గ్రీకు భాష మాటలాడువారు సణిగిరి. పండ్రెండుగురు వారిని గద్దింపలేదు, సర్దుకొమ్మనలేదు. శిష్యుల సమూహమునంతటిని పిలిచిరి. ఏడుగురిని ఏర్పరచుకొనుడనిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా భాగము అందనివారికే గరిటె అప్పగించినట్లున్నది. సొసైటీలో వాటాలు ఎన్ని యున్నను సభ్యునికి ఓటు ఒకటే. ఆ ఓటుండియు సభనాడు గట్టుమీద కూర్చుండి తరువాత సణుగుట మనకు తగదు.

మన సొసైటీలలో భాగము అందనివారు ఎవరు? కౌలురైతులు. మన సంఘములలో సగము బెంచీలు వారివే. చేను ఇంకొకనిది, చెమట వీరిది. పాసుపుస్తకము లేదు గనుక పంట అప్పు అందుట అరుదు, నోటీసు వీరి గడపకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టము భూయజమాని సంతకముతో కౌలుదారునికి 11 నెలలకు సాగుదారు హక్కు పత్రము ఇచ్చు ఏర్పాటు చేసెను. యజమాని భూమి హక్కునకు దానివలన భంగము లేదు. అయినను సంతకమునకు భయపడు యజమానులు అనేకులు. వారిలో ఆదివారము ఆ కౌలుదారుని ప్రక్కనే కూర్చుండి ఒకే గిన్నెలో పాలుపొందువారును ఉన్నారు. ఒనేసిము బాకీని తన లెక్కలో వేయుమని పౌలు స్వహస్తముతో వ్రాసి ఫిలేమోనుకు పంపెను (ఫిలేమోను 18, 19). ఆ సంతకమునకు ఆయన పొందిన లాభమేమియు లేదు.

పత్రము దొరకని చోట నలుగురు మొదలు పదిమంది వరకు కౌలుదారులు చేరి ఉమ్మడి పూచీతో గుంపుగా ఏర్పడినచో, భూమి జామీను లేకుండ అప్పిచ్చు పద్ధతి నాబార్డు వారు నడుపుచున్నారు. ఒకరినొకరు ఎరిగినవారే అందులో చేరవలెను. అట్టి పదిమందిని ఏర్పరచుట సంఘపెద్దలకు కష్టము కాదు. దోర్నకలు బిషపు అజరయ్యగారి కాలములో (1912–1945) కూలివారైన మన పెద్దలకు కానుక ఇయ్యనేర్పిరి. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు గుప్పెడు బియ్యము తీసి వేరుగా పెట్టిన తల్లులు మన ఇండ్లలోనివారే. పుచ్చుకొనుటకే కాదు, పూచీపడుటకును మనము తగినవారమని వారు చూపిరి.

ఈ నెల రెండవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, చదువుకొన్న యువకులు సొసైటీ నోటీసు ప్రతిని తెచ్చి, చదువురానివారి కొరకు గుడి వరండాలో పైనుండి క్రిందివరకు, బాకీల వరుసతో సహా బిగ్గరగా చదువవలెను. మహాజన సభ తేదీని గోడ కాలెండరుమీద గురుతు పెట్టుకొనుడి. చేను కౌలునకు ఇచ్చినవారు ఆ సాయంకాలమే తమ కౌలుదారుని పిలిచి, కాగితము సిద్ధముచేసి, గ్రామ రెవెన్యూ అధికారియొద్దకు కలిసి పోవు దినమును మాటలాడుకొనుడి. నారు పోయుటకు ముందుగా ఈ పని కావలెను.