కదలని సైకిలు

శ్రమకు ఫలమేమి యను ప్రశ్న మానవునకు క్రొత్తది గాదు. అయినను కాలము మారినకొలది అది వేషము మార్చుకొని మన గడప తొక్కుచునే యుండును. ఇటీవల బేరిగైలో మా బంధువుల యింట అది సైకిలు రూపమున మాకు ఎదురైనది.

హోసూరు యంత్రశాలలో ఉద్యోగము చేయు యువకుడొకడు తెల్లవారకమునుపే గదిలో సైకిలు తొక్కుచుండెను. బండి వెనుకభాగమును ఇనుప పీటకు బిగించియున్నారు. చక్రము గిరగిర తిరుగుచున్నది. బండి వెంట్రుకవాసియైనను కదలదు. ముప్పావుగంటకు చెమటతో తడిసి వెలుపలికి వచ్చిన మనుమని చూచి అవ్వ, "ఇంతసేపు తొక్కితివే నాయనా, యాడికి పోతివిరా?" అని యడిగినది. అందరము నవ్వితిమి. నవ్వు చల్లారిన పిమ్మటను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఆ అవ్వ తన వయసున బావినుండి నీరు మోసినది, రాగిచేనిలో కలుపు తీసినది. ఆమె చెమటకు ఫలము గాదెలో కనబడెడిది. మనుమని చెమటకు ఫలమెక్కడ?

ఆ సాధనమును టర్బో ట్రైనరందురు. కొన్నిటిలో గాలిరెక్కలు, కొన్నిటిలో అయస్కాంతములు, మరికొన్నిటిలో చిక్కని ద్రవము చక్రమునకు అడ్డుపడి, కాలికి బరువు కల్పించును. తొక్కువాని బలమంతయు చివరకు వేడిగా మారిపోవును. మన దేహము తాను వ్యయపరచు శక్తిలో నాలుగవ వంతుకు మించకుండ మాత్రమే తొక్కుడుకు ఈయగలదు. తక్కినది ఒంటివేడి యగును. బాటపై ఎదురుగాలి ఆ వేడిని తీసికొనిపోవును. గదిలో అది లేదు గనుక, ఎదుట విద్యుత్ పంకా నుంచుకొనక తప్పదు. అట్లే గదిలో మలుపు లేదు, గుంత లేదు, అడ్డువచ్చు ఎద్దుబండి లేదు. పడుదుమను భయము లేదు. కావున పడకుండ నిలువవలసిన అవసరమును లేదు.

ఇది గానుగెద్దు నడక వంటిదే గదా యని కొంద రనవచ్చును. మేమును మొదట అట్లే తలంచితిమి. కాని గానుగెద్దు ఎచటికిని చేరకున్నను నూనె వచ్చుచున్నది. ఆ నూనె మాత్రము ఎద్దుది గాదు. ఈ యువకుని కాడి వాడు తానుగా మెడకెత్తుకొన్నది, ఫలమును వాని దేహమందే నిలుచుచున్నది. సంగీత విద్యార్థి వేకువన సరళీవరుసలు పాడును. ఆ పాట వినుటకు సభికు లుండరు. గరిడీలో కఱ్ఱ త్రిప్పువానికి ఎదుట శత్రువు లేడు. వీరి శ్రమను మన పెద్దలు వ్యర్థమనలేదు, సాధన యనిరి.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు. బేరిగై, బాగలూరు ప్రాంతములలో తెల్లవారుజామున గులాబీలు కోయు కూలివారు కలరు. వారికి చెమట జీవనాధారము. పొట్టకొఱకు చెమటోడ్చువారి ప్రక్కనే, చెమట కొఱకు యంత్రమును కొనుట న్యాయమా? మా కిట్లు తోచుచున్నది. యంత్రములు మన చేతిపనిని తీసికొన్న పిమ్మట దేహము తన పాళ్లు తానడుగును; దాని నిచ్చుట పాపము కాదు. కాని తానుగా కోరి తెచ్చుకొన్న చెమటను కూలిచెమట కంటె ఘనమైనదని తలంచుట మాత్రము పాపమే. ఆ గర్వము లేనిచో ఆ రెండు చెమటల నడుమ వైరము లేదు.

మాథ్యూ హేమన్ అను ఆస్ట్రేలియా సైకిలు వీరుని వృత్తాంతమిచట స్మరింపదగియున్నది. 2016 ఫిబ్రవరి చివర బెల్జియము పందెమున పడి ఆయన చేయి విరిగినది. బాటపై పోవ వీలులేక, ఇంటి వాహనశాలలో ఇట్టి సాధనముపైననే కొన్ని వారములు తొక్కెను. ఏప్రిల్ 10వ తేదీన ఫ్రాన్సులో పారిస్-రూబే పందెమున, 250 కిలోమీటర్లకు మించిన దూరమును, నడుమనడుమ రాళ్లు పరచిన గతుకుబాటలను దాటి, అంతకుమునుపు నాలుగుమారులు గెలిచిన టామ్ బూనెన్‌ను వెనుకనిడి, ప్రథముడయ్యెను. అప్పటికాయనకు 37 ఏండ్లు. ఆ పందెమున పాల్గొనుట అది 15వ మారు. గది ఆయన కాళ్ల సత్తువను కాపాడినది. కాని రాతిబాట మర్మమును నేర్పినది గది కాదు. అంతకుమునుపటి 14 ప్రయాణములు. ఏదో యొక నాటికి బాట నెక్కవలెనను తలంపు లేకున్నచో, ఆ గదిలోని వారము లెంతవరకు ఉపకరించెడివి?

ఇచట మాకు మన సంగతియు తోచుచున్నది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినప్పుడును హోసూరు ప్రాంతము మదరాసు రాష్ట్రమునందే నిలిచినది. 2006 నాటి చట్టము ఒకటవ తరగతి మొదలుకొని తమిళమును నిర్బంధపాఠము చేసినది. తమిళము నేర్చుట మేలే; ఇరుగుపొరుగుల భాష ఎరుగనివాడు సగము చెవిటివాడు. అయితే అనేక కుటుంబములలో తెలుగు నేర్పు భారము బడినుండి వంటయింటికి మరలినది. తల్లితో, అవ్వతో నాడు ఆ తెలుగు బిగించిన బండి వంటిది. అది సత్తువను నిలుపును. దానిని తక్కువ చేయరాదు. కాని అందు తొట్రుపాటు లేదు, ఎదురుగాలి లేదు. ఉత్తరము వ్రాయవలసినప్పుడు, సభలో నిలువవలసినప్పుడు, వేరొక సీమ తెలుగువాని యాసను తెలిసికొనవలసినప్పుడుగదా బాట తెలియును! ఇంట నిత్యము మాటలాడుచున్నామను తృప్తితో గడప దాటనిచో, మన భాష తిరుగుచునే యుండును, ముందునకు పోదు.

కావున తలుపు వేసికొని చేయు సాధనను మేము నిందింపము. వారమున కొకనాడైనను తలుపు తెరువుమని మాత్రము వేడుకొందుము. ఆ యువకుడు ఆదివారమున బండిని పీటనుండి విప్పి, అవ్వ కూర్చున్న అరుగు ముందుగా బాటకు పోవలెను. మన యింటి పిల్లలు తెలుగులో నొక ఉత్తరము వ్రాసి దూరపు బంధువునకు పంపవలెను. అందు తప్పులున్నను ఉండనిండు. అప్పుడు అవ్వ మరల "యాడికి పోతివిరా?" అని యడిగినచో, చెప్పుటకు మన వద్ద ఒక ఊరిపేరైన నుండును.