నిశ్శబ్దము ఆరోగ్యమా?

సత్యశుద్ధ కాయకమని మనము తరచుగా పలుకుచుందుము. దొంగిలింపక, మోసగింపక, ఒడలు వంచి చేసిన పని సత్యశుద్ధమని సామాన్యముగా చెప్పుకొందుము. కాని పని చేయించుకొనువాడు కోరినదే చేసి, అతడు సంతోషముతో నిచ్చిన కూలినే గ్రహించి, ఒక్క అసత్య వాక్యమైనను పలుకక యుండియు కాయకమును మలినపరచుకొనుట సాధ్యమా? ఈ ప్రశ్నను విచారించుటకు మన మఠములకును, మన పొలములకును మిక్కిలి దూరమైన యొక ఉదాహరణమును గ్రహింతము. తనది కాని వస్తువునందు ధర్మసూక్ష్మము కొన్నిమారులు స్పష్టముగా గోచరించును.

అమెరికా దేశమున 1960వ దశకములో మిక్కిలి బలముగల ఇంజన్లతో కొన్ని కార్లు వెలువడినవి. వానిని మజిల్ కార్లు, అనగా కండబలపు కార్లు, అందురు. 1967 నమూనాగా వచ్చిన షెవ్రొలే కమారోలో జెడ్-28 అను రకము వానిలో నొకటి. దాని ఇంజనునకు 8 సిలిండర్లు. ఒక్కొక్క దానికి రెండేసి చొప్పున 16 వాల్వులు. ఒక వాల్వు గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమమును లోనికి విడుచును. రెండవది కాలిన వాయువును వెలికి పంపును. క్యామ్ షాఫ్టు తిరుగుచు పుష్ రాడ్డును పైకి నెట్టగా, రాకర్ ఆర్మ్ త్రాసు కాడవలె ఒరిగి వాల్వును తెరచును. ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క వాల్వు 2,000 మారులు తెరచుకొని మూసికొనును.

వాల్వు మూసియున్నపుడు రాకరు కొనకును వాల్వు కాడకును నడుమ కొంచెము సందుండవలెను. ఈ ఇంజనునకు నిర్మాతలు విధించిన సందు, అది వేడెక్కియున్నపుడు, అంగుళమును వేయి భాగములు చేయగా అందు 30 భాగములు. అనగా ఇంచుమించు ముప్పాతిక మిల్లీమీటరు. ఈ పనిని మన మెకానిక్కులు టాపెట్లు సర్దుట యందురు. అంత మందముగల ఫీలర్ గేజి రేకును సందులో దూర్చి, అది మెల్లగా ఒరసికొనుచు కదలునంతవరకు నట్టును త్రిప్పుదురు.

సందు మితిమీరినచో రాకరు వాల్వును సుత్తివలె కొట్టును, టిక్కుటిక్కుమను చప్పుడు పెద్దదై వినవచ్చును, భాగములు అరుగును. సందు లేకపోయినచో చప్పుడుండదు. కాని వాల్వు తన పీఠముపై పూర్తిగా కూర్చుండజాలదు. కాలిన వాయువును పంపు వాల్వు, తాను గ్రహించిన వేడిలో అధికభాగమును, మూసికొనియున్న క్షణములందే పీఠమునకు అప్పగించి చల్లబడును. కూర్చుండుటకు తావులేని వాల్వు ఆ వేడిని ఎవరికి అప్పగింపగలదు? దాని అంచు కాలిపోవును. ఆ సిలిండరు శక్తిహీనమగును. మరియొక విశేషము కలదు. ఆ ఇంజన్లు సీసము కలిపిన పెట్రోలు దినములలో నిర్మింపబడినవి. ఆ సీసము వాల్వు పీఠములను అరుగుదలనుండి కాపాడెడిది. రోడ్డు వాహనములకు అట్టి పెట్రోలును అమెరికా 1996లో నిషేధించెను. గట్టిపరచిన పీఠములు లేని పాత ఇంజనును తీవ్రముగా నడిపినచో పీఠములరిగి, వాల్వు లోనికి క్రుంగి, సందు క్రమముగా తగ్గును. అనగా దోషము ముదురుకొలది చప్పుడు తగ్గును.

సందు సరిగా నున్న ఈ ఇంజనునందు సన్నని టిక్కు చప్పుడు ఎల్లప్పుడును ఉండును. అది రోగము కాదు. యజమానుడు వచ్చి, "ఈ చప్పుడు మాన్పుము" అనెననుకొందము. పనివాడు నట్టులను కొంచెము బిగించినచో చప్పుడు మానును. యజమానుడు మెచ్చి, అడిగినదానికంటె అధికముగా నిచ్చి పోవును. కొన్ని నెలలకు వాల్వు కాలును. మూత క్రింద జరిగిన దానిని ఎవ్వరును చూడలేదు. నింద ఎవ్వరిపైనను పడదు. ఇందు పాపమెచ్చట?

వస్తువు యజమానునిది, కోరికయు యజమానునిదే గదా యని కొందరందురు. ఈ వాదము తేలిక యైనది కాదు. పరుల వస్తువుపై మన యిచ్ఛను రుద్దుటయు అహంకారమే. కాని యజమానుడు నిశ్శబ్దమును కోరినది నిశ్శబ్దముకొరకు కాదు. నిశ్శబ్దమే ఆరోగ్యమని నమ్మి కోరెను. ఆ నమ్మిక తప్పని పనివానికి తెలియును. తెలిసియు మౌనము వహించి కూలి గ్రహించినవాడు అజ్ఞానమును అమ్ముకొన్నవాడగును. అతడు ముందుగా సత్యమును చెప్పవలెను. చెప్పిన పిదపయు యజమానుడు బిగింపుమనినచో ఆ కూలిని విడుచుటయే మేలు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మనకు తెలిసినదే. కల్యాణములో రాలిన బియ్యపు గింజలు ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె అధికముగా తేగా, అది తమకు తగదనియు, తెచ్చిన చోటనే విడిచి రమ్మనియు లక్కమ్మ చెప్పెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఎవరును ఫిర్యాదు చేయలేదు. అయినను మితము తప్పినదని ఆ తల్లి గుర్తించెను. లోకము అడుగనిదానిని తన్ను తానడుగుటయే ఆమె సత్యశుద్ధి.

ధనికుల వినోదమునకైన కారును సర్దుట కాయకమగునా యని మరియొక శంక. చాకిరేవు పనియు, త్రాడు పేనుటయు, చెప్పులు కుట్టుటయు పూజ్యములని నిలిపిన శరణులు పనిని వస్తువు వెలతో కొలువలేదు. యజమానుని విలాసమునకు యజమానుడే సమాధానము చెప్పుకొనవలెను. పనివాడు తన చేతి కొలతకు సమాధానము చెప్పుకొనవలెను.

ఈ విచారమును ఇంజనుతో ముగించిన ప్రయోజనము స్వల్పము. మన యిండ్లలో కోడలు నోరు మెదపదు గనుక ఇల్లు చక్కగా నున్నదని మురియుదుము. కుమారుడు ఎదురుచెప్పడు గనుక వినయవంతుడని చెప్పుకొందుము. మఠమున లెక్కలడుగువారు లేరు గనుక భక్తి నిండియున్నదని తలతుము. ఆ నిశ్శబ్దము తృప్తివలన కలిగినదా, బిగింపువలన కలిగినదా యని ఎన్నడైన పరీక్షించితిమా? కల్యాణపు అనుభవమంటపములో స్త్రీలును, శ్రమజీవులును ప్రశ్నించుటకు తావుండెను. ఆ సంభాషణలు ఆ సంఘమును బలహీనపరచలేదు. మాటాడుటకు సందులేని మనస్సు తన వేడిని ఎచ్చటను దింపుకొనజాలక లోలోపలనే కాలును. ఆ సంగతి మనకు తెలియునప్పటికి కాలము మించిపోవును.

కావున శరణబంధువులు ఈ పక్షములో ఒక్క దినమైనను తమ యింట మౌనముగా నుండువారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, వారి మనస్సులోని మాటను ఓర్పుతో విందురుగాక. కొంత చప్పుడు వినవచ్చినచో కలతపడవలదు. శరణు శరణార్థులు.