యశోదాదేవి అలసట

శ్రీమద్భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణావతార ఘట్టమును భక్తులు నిత్యము స్మరింతురు. ఆ రాత్రియే గోకులమున యశోదాదేవియు ప్రసవించినది. ప్రసవాయాసముచే అలసి, యోగమాయా ప్రభావమున నిద్రించిన ఆ తల్లికి, కలిగినది ఆడశిశువో మగశిశువో కూడ తెలియలేదు. జగద్రక్షకుని అవతార కథను చెప్పుచు సైతము వ్యాసభగవానుడు ఒక తల్లి అలసటను మరువలేదు.

నేటి గృహములలో ఆ అలసటను తలచువారు అరుదు. కాన్పు అయినదనగానే, "మామూలుగా అయినదా, ఆపరేషనా?" అని అడుగుదురు. ఆపరేషన్ అన్నచో, "నొప్పులు పడలేదు గదా!" అని చులకనగా పలుకువారును కలరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి దేశమున నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్ వలన జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 అట్లు జరిగినవి.

అవసరమైన వేళ ఆ శస్త్రచికిత్స తల్లీబిడ్డల ప్రాణములు నిలుపును, అదియు భగవదనుగ్రహమే. కాని అది సులభమార్గము కాదు. కోత మానుటకు వారములు పట్టును. గాయము చీము పట్టవచ్చును, కాళ్ళ నరములలో రక్తము గడ్డకట్టవచ్చును, మరుకాన్పున మాయ పాత మచ్చను అంటుకొని ప్రమాదము తేవచ్చును. సహజప్రసవమునను చీలికలు, కుట్లు, మూత్రము నిలుపుకొనలేని బాధ కలుగవచ్చును. మనస్సు క్రుంగుట ఏ కాన్పు తరువాతనైనను కలదు.

ఇట్లుండగా, వైద్యులు అవసరమని చెప్పకున్నను, ముహూర్తము కొరకు కోత కోరుట ధర్మమా? బిడ్డ మంచి ఘడియలో పుట్టవలెనను కోరిక తప్పు కాదు. కాని ఘడియను ఎంచుకొనువారు ఒకరు, గాయమును మోయునది మరియొకరు. లోకులు శుభకార్యములకు విడిచిపెట్టు బహుళాష్టమి నాడే, అదియు చెరసాలలో, స్వామి అవతరించెను. ఆయన రాకచే ఆ తిథియే పర్వదినమైనది.

కావున గృహస్థులు అడుగవలసిన ప్రశ్న, "ఎట్లు కన్నది?" అని కాదు, "తల్లి ఎట్లున్నది?" అని. జ్వరము, అధిక రక్తస్రావము, గాయమున చీము, ఆగని దుఃఖము కనబడినచో దృష్టిదోషమని ఉపేక్షింపక వెంటనే వైద్యునికి చూపవలెను. కనీసము ఆరు వారములు ఆమె నిద్రను, ఆహారమును, మనస్సును ఇంటివారందరు కాపాడవలెను. రాత్రివేళ బిడ్డను ఎత్తుకొని బాలింతను నిద్రింపనిచ్చు భర్తయు, వేడి అన్నము పెట్టు అత్తగారును చేయునది భగవత్ కైంకర్యమే. బాలకృష్ణుని ఊయల నూపు చేతులు యశోద అలసటనుకూడ ఎరుగవలెను.