చావు జరిగిన ఇంట క్రిస్మసు కేకు

ఇంట్లో ఒకరు ప్రభువునందు నిద్రించిన ఏడాది ఆ ఇంట పండుగ పిండివంటలు చేయకూడదు అను మాట మన తెలుగువారిని ఎంత దూరము వచ్చినా వదలలేదు. కోలారు బంగారు గనులకు వచ్చినవారితో వచ్చినది, షోలాపూరు మగ్గాల వెంట వెళ్ళినది, బరంపురములోనూ వినబడుచున్నది. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరాదు, కొత్త బట్టలు కట్టరాదు, వాకిట నక్షత్రము వ్రేలాడదీయరాదు. ఇది ఏ లేఖనములో ఉన్నదని అడిగితే చూపగలవారు లేరు. అయినను డిసెంబరు నెల వచ్చేసరికి, ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొను చోట, "ఈ ఏడు మీ ఇంట్లో కేకు చేస్తున్నారా అమ్మా?" అని అడుగువారు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలో కొంత ప్రేమ ఉంటుంది, కొంత పరీక్ష ఉంటుంది.

చేయవచ్చునా? చేస్తే ఎవరి కొరకు? వెళ్ళిపోయినవారి కొరకా, మిగిలినవారి కొరకా? ఇది చిన్న విషయమని కొట్టివేయవద్దని మా మనవి. ఈ ప్రశ్న వలన అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇండ్లు మనకు తెలియనివి కావు.

మొదట ఆ ఆచారమునకు న్యాయము చేయుదము. దానిని ఏర్పరచినవారు కఠినులు కారు. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు, చక్రాలు అంటే నాలుగు దినముల చాకిరి. పిండి దంచాలి, పాకము చూడాలి, అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గర కూర్చోవాలి. మొగుడు పోయిన స్త్రీని, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని ఈ చాకిరి నుండి తప్పించుటకు పెద్దలు ఒక మాట అన్నారు: ఈ ఏడు మీరు చేయవద్దు, మేము పంపుతాము. పండుగనాటికి ఆ ఇంటికి పది ఇండ్ల పళ్ళెములు వచ్చేవి. అది కనికరమే. అయితే కనికరముగా పుట్టినది కాలక్రమేణా చట్టమైపోయినది. "మీరు చేయనక్కరలేదు" అన్నది "మీరు చేయకూడదు" అయినది. ఇప్పుడు పళ్ళెములు పంపువారు తగ్గిరి, నిషేధము మాత్రము నిలిచినది. ఒక ఇంట పదేళ్ళ పిల్లవాడు, "నాయనమ్మ పోతే క్రిస్మసు కూడా పోయిందా?" అని అడిగాడని విన్నాము. వానికి జవాబు చెప్పినవారెవరూ లేరట.

పిండివంటల సంగతి అలా ఉండగా, కేకు సంగతి వేరు. అది ఒక్కరు చేయునది కాదు. నవంబరు చివరనే ఎండు ద్రాక్ష, ఖర్జూరము, టూటీ ఫ్రూటీ సన్నగా తరగాలి. (టూటీ ఫ్రూటీ అనగా పచ్చి బొప్పాయి ముక్కలే, ఎంతో కాలము అదేదో సీమ పండు అనుకొన్నవారు మనలో చాలామంది.) వేరే ఇండ్లలో రమ్ములో నానవేస్తారు, మన ఇండ్లలో నారింజ రసములోనో ద్రాక్ష రసములోనో. పిల్లలు తరుగుతూ సగము తింటారు, పెద్దలు చూసీ చూడనట్లు ఉంటారు. తరువాత వెన్న, చక్కెర కలిపి తెల్లబడే వరకు ఒకే వైపుకు తిప్పాలి. చేయి నొప్పి పుట్టగానే గిన్నె మరొకరి ఒడిలోనికి మారుతుంది. ఆ తిప్పుటలోనే గాలి వెన్నలో చిక్కుకొంటుంది. కేకు పొంగుటకు అది ఆధారము గనుక దానిని తొందరపెట్టుటకు వీలు లేదు. చివరకు పిండి పోసిన డబ్బాల మీద పేరు చీటీలు అంటించి బేకరీ బట్టీకి మోసుకొనిపోవాలి. ఓవెను లేని రోజులలో ఇదే పద్ధతి. కొందరు కుక్కరులో ఇసుక పోసి, విజిలు తీసివేసి, ఇంట్లోనే కాల్చేవారు. బేకరీకి వెళ్ళినవారు రాత్రి పదకొండు దాకా వాకిట నిలువబడి, ఎవరి డబ్బా ఎప్పుడు బయటకు వస్తుందోనని చలిలో కబుర్లు చెప్పుకొనేవారు. తెలుగు, తమిళము, కన్నడము, ఇంగ్లీషు అన్నీ ఆ వాకిట కలిసేవి.

ఇప్పుడు ఒక కుటుంబము సంగతి చెప్పవలసియున్నది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడిన తరువాత చెదరిపోయిన ఇండ్లలో అది ఒకటి. పెద్ద కుమారుడు బెంగుళూరు చేరినాడు, చిన్నవాడు మద్రాసు. కుమార్తె అక్కడే ఉండి, భర్త రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి పోయి వచ్చుచుండగా, తల్లిని చూచుకొన్నది. తల్లి ఒక ఆగస్టులో ప్రభువు పిలుపు అందుకొన్నది. ఆ డిసెంబరులో కుమార్తె కేకు చేయవలెనని తల్లి నోటు పుస్తకము తెరిచినది. మైదా గ్లాసు నిండ 4, చక్కెర తలకొట్టి 3, గ్రుడ్లు 9 అని వ్రాసియున్నది. ఏ గ్లాసు? ఇంట్లో ఉన్న గ్లాసులు చిన్నవి, పెద్దవి, అన్ని రకాలు. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు, 250 మిల్లీలీటర్ల గ్లాసుకు నాలుగు గ్లాసుల మీద తేడా ఎంత అనగా, ఒక పూర్తి చిన్న గ్లాసు. కేకు పాడగుటకు అది చాలును.

తల్లి గ్లాసు, అంచున సొట్టపడిన స్టీలు గ్లాసు, సామాను పంచుకొన్నప్పుడు పెద్ద కోడలి మూటలో పోయినది. ఆ పంపకములో కొంచెము మాట పట్టింపు కూడా జరిగియున్నది గనుక వారికి ఫోను చేయుటకు మనసు రాలేదు. మూడు దినములు ఆలోచించి చేసినది. "వదినా, అమ్మ గ్లాసు నీ దగ్గర ఉందా?" అవతల కొంతసేపు నిశ్శబ్దము. "ఉంది. దానితోనే రోజూ బియ్యం కొలుస్తున్నాను. నేనే తీసుకొని వస్తాను."

గ్లాసు వచ్చినది, వదిన వచ్చినది. అయినను కేకు కుదరలేదు, ఎందుకనగా నల్లటి రంగు కొరకు చక్కెర మాడ్చి చేయు పాకము సంగతి పుస్తకములో ఒక్క మాటయు లేదు. తల్లికి అది వ్రాయవలసిన విషయముగా తోచలేదు కాబోలు. ఆ సంగతి తెలిసినది ప్రక్క లైనులోని తమిళ అక్కకు. ముప్పై ఏళ్ళు ఇద్దరూ ఒకే మూకుడుతో చేసినవారు. ఆమె వచ్చి, రంగు చూడవద్దు, పొగ కంటికి చురుక్కుమన్నప్పుడు దించి, వేడి నీళ్ళు దూరము నుండి పోయమని తమిళములో చెప్పినది. ఆ మాట విని కుమార్తె ఏడ్చినది. తల్లి కూడా తెలుగు ఇంట్లో ఆ ఒక్క వాక్యము తమిళములోనే అనేదట.

ఇక్కడ మేము ఆలోచించవలసినదేదో ఉన్నదని అనుకొనుచున్నాము. పోయినవారి జ్ఞాపకము మన హృదయములో ఉన్నదని సులువుగా అంటాము. ఎవరి హృదయములో? కుమార్తె దగ్గర పుస్తకము ఉన్నది, కోడలి దగ్గర కొలత ఉన్నది, పొరుగు స్త్రీ దగ్గర పాకము ఉన్నది. ఏ ఒక్కరి దగ్గరను తల్లి పూర్తిగా లేదు. ఒంటరిగా కూర్చుండి తలంచుకొన్నవాడు తన భాగమునే మొత్తమనుకొనును. కలిసి పని చేసినప్పుడు మాత్రమే ప్రక్కవారి చేతిలో తనకు తెలియని తల్లి కనబడుతుంది. సామాను పంచుకొనవచ్చును గాని జ్ఞాపకమును పంచుకొని ఎవరి దారిన వారు పోవుటకు వీలు లేదు, తిరిగి ఒకచోట పెట్టవలసినదే.

చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు నిజము పలుకును, ఇది మరొక సంగతి. జ్ఞాపకార్థ కూటములో మనము పోయినవారిని గూర్చి మంచి మాత్రమే చెప్పుదుము. ఆమె ప్రార్థనాపరురాలు, అతిథి ప్రియురాలు, సంఘమునకు స్తంభము. వినుటకు బాగుండును, కాని పది మంది తల్లులకు అవే మాటలు చెల్లును. పిండి గిన్నె చుట్టూ కూర్చుండినవారు అలా మాట్లాడరు. "అత్తయ్య నన్ను మొదటి మూడేళ్ళు గిన్నె ముట్టనియ్యలేదు" అని కోడలు అన్నది. అన్నది నవ్వుతూనే, అయితే ఊరకనే నవ్వలేదు. కుమార్తె దానిని కాదనలేదు. "నన్ను పెండ్లి అయ్యేదాకా ముట్టనియ్యలేదు" అన్నది. ఆ ఇద్దరి మధ్య అప్పటివరకు లేని ఒక సమాధానము కలిగినది. పోయినవారిని గూర్చి చెడు చెప్పరాదను మాటను మేము గౌరవింతుము, కాని వారిని పటములోని బొమ్మగా చేయుట గౌరవము కాదు. కోపము, పట్టుదల, పిసినారితనము ఉన్న మనిషినే గదా మనము ప్రేమించినది.

ఆకలి తీరుటకే వంట అయితే ఇంత మాట అవసరము లేదు. చెకోస్లొవేకియా దేశములో టెరెజీన్ అను చోట నాజీలు యూదులను నిర్బంధించిన సంగతి కొందరు చదివియుందురు. అక్కడ ఆకలితో కృశించుచున్న స్త్రీలు తమ ఇండ్లలో చేసిన కేకులు, వంటకముల పద్ధతులు కాగితముల మీద వ్రాసి చేతితో కుట్టి పుస్తకము చేసిరి. వారిలో మీనా పెక్టర్ అను వృద్ధురాలు 1944లో అక్కడే చనిపోయినది. ఆమె తన కుమార్తెకు చేర్చుమని ఒక స్నేహితునికిచ్చిన ఆ కట్ట, సుమారు 25 సంవత్సరములు చేతులు మారి, న్యూయార్కులోని కుమార్తెకు చేరినది. దానిని వెంటనే విప్పి చూచుటకు ఆమెకు ధైర్యము చాలలేదట. 1996లో అది ఇంగ్లీషులో పుస్తకముగా వెలువడినది. ఆ పద్ధతులలో కొన్నిటిలో ముఖ్యమైన దినుసులే తప్పిపోయినవి. ఆకలి జ్ఞాపకమును కూడా తినివేయును. రొట్టె ముక్క లేనిచోట కేకు కొలతలు వ్రాయుట పిచ్చితనమని ఎవరైనా అనవచ్చును. మాకు అలా తోచదు. తాము ఎవరి తల్లులో, ఎవరి కుమార్తెలో మరువకుండుటకు వారికి మిగిలిన మార్గము అది.

ఇక కొన్ని ఇండ్లలో జరుగుచున్న మరొక పనిని గూర్చి వ్రాయక తప్పదు. కేకు కోసి మొదటి ముక్క పోయినవారి పటము ముందు పెట్టి, క్రొవ్వొత్తి వెలిగించుచున్నారు. పెద్దలు దీనికి ఉలిక్కిపడుదురు, వారి భయమునకు కారణమున్నది. 1878 జూలైలో ఒంగోలు దగ్గర ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, వారు వెనుక విడిచి వచ్చినవాటిలో పితరులకు పెట్టు కూడు ఒకటి. దానిని మనుమలు కేకు రూపములో తిరిగి తెచ్చుచున్నారేమోనని వారి బాధ. పెట్టువారిని అడిగితే, "అమ్మ తింటుందని కాదు, ఊరికే మనసుకు" అంటారు. వారి మాట నమ్ముదము. అయినను ఆ ముక్కకు అంతకంటె మంచి చోటు ఉన్నదని మా అభిప్రాయము.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో దశమ భాగమును ఇచ్చువాడు దేవుని యెదుట చెప్పవలసిన మాటలున్నవి. చనిపోయినవారి కొరకు దానిలో ఏమియు పెట్టలేదని అతడు చెప్పవలెను. అదే మాటలలో, పరదేశికిని తండ్రిలేనివానికిని విధవరాలికిని ఇచ్చితినని కూడా చెప్పవలెను. ఈ రెండవ భాగమును మనము అంతగా గమనింపము. పరదేశి అను మాట వలస వచ్చిన మన చెవికి కొత్త కాదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు చూపినది ఆమె పటము కాదు, ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు. పై కుటుంబములో తల్లి ఏటేటా మొదటి ముక్క వీధి ఊడ్చు స్త్రీకి ఇచ్చేదట. ఆ ఏడు కుమార్తె అలాగే ఇచ్చినది. ఆమె తీసుకొని, "అమ్మ చేసినట్టే ఉంది గాని ఉప్పు తక్కువ" అన్నది. ఉప్పు సంగతి కూడా పుస్తకములో లేదు!

అందరూ ఇలా చేయగలరని మేము అనము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ వాసనే భరింపశక్యము కాకపోవచ్చును. అట్టివారిని "మనసు మళ్ళుతుంది, రండి" అని గిన్నె ముందు కూర్చుండబెట్టుట దయ కాదు. ఆ ఏడు చేయలేనివారు మరుసటి ఏడు చేయుదురు, లేదా ఎన్నటికిని చేయరు. నిషేధించుటకు మనకు అధికారము లేనట్లే బలవంతపెట్టుటకును లేదు. కాని ఒకటి చేయవచ్చును. పళ్ళెము పంపుటకు బదులు, ముందుగా అడిగి, కత్తిపీట చంకన పెట్టుకొని ఆ ఇంటికి మనమే వెళ్ళవచ్చును. వారు కూర్చుండి చూచినను చాలును.

అచ్చము అమ్మ చేసినట్టే చేయవలెనా అని పట్టుబట్టువారున్నారు. అమ్మ కూడా వెన్న ధర పెరిగిన ఏడు సగము డాల్డా వేసినదని, అమ్మమ్మ పద్ధతి వేరని, గుండ్రని కరెంటు ఓవెను వచ్చిన తరువాత బేకరీకి వెళ్ళుటయే మానినదని జ్ఞాపకము చేసికొంటే ఆ పట్టు కొంచెము సడలును. చక్కెర వ్యాధి ఉన్నవారి కొరకు చక్కెర తగ్గించిన కోడలిని తప్పుపట్టువారు, అత్తగారు ఆ కోడలి కొరకే మొదట జాజికాయ మానినదని మరచిపోవుదురు.

సొట్ట గ్లాసు ఇప్పుడు ఎవరి ఇంటను స్థిరముగా లేదు. ఏ ఏడు ఎవరి ఇంట కేకు కాల్చుదురో ఆ ఇంటికి పోవుచున్నది. నిరుడు మద్రాసుకు వెళ్ళినది. ఈ ఏడు మన సంఘములలో దుఃఖములో ఉన్న ఇండ్లు ఏవో స్త్రీల సమాజములవారికి తెలియును. పండ్లు నానుటకు సమయము కావలెను, బేకరీలవారు 20వ తేదీ దాటితే బయటి డబ్బాలు తీసుకొనరు.