ఈత నేర్పేవాని చేతిలో అమానత్

ఒక జుమా నమాజు తర్వాత మస్జిదు వరండాలో ఒక యువకుడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. లంక గ్రామంవాడు, మంచి ఈతగాడు. వేసవి సెలవుల్లో మొహల్లా పిల్లల్ని గోదావరికి తీసుకెళ్ళి ఈత నేర్పుతుంటాడు. ఆ వారం పదేళ్ళ బాలుడొకడు ఇసుక తవ్విన గుంటలో మునిగిపోయి, అల్లాహ్ దయవల్ల బతికి బయటపడ్డాడట.

"హజ్రత్! నేను ఒక్క పైసా తీసుకోలేదు. సవాబు కోసం నేర్పాను. వాళ్ళ నాన్నే స్వయంగా పంపాడు. ఏదైనా జరిగి ఉంటే అది తఖ్దీర్ కాదా? నన్నెందుకు నిలదీస్తున్నారు?" అన్నాడు.

ఈత నేర్పడం మంచి పనే. వృథా కాలక్షేపం కాని వాటిలో ఈత నేర్చుకోవటాన్ని కూడా చేర్చిన హదీసు ఇమామ్ నసాయీ సంకలనంలో ఉంది. అతని సంకల్పాన్ని కూడా నేను శంకించలేదు. అయితే అతను వేర్వేరు విషయాలను ఒకే మూటలో కట్టాడు.

తఖ్దీర్‌ను నమ్మడం మన ఈమాన్‌లో భాగం. కానీ ఆ మాట ఎవరి నోట వస్తోందో చూడాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "అల్లాహ్ ఇచ్చాడు, అల్లాహ్ తీసుకున్నాడు" అంటే అది సబ్ర్. గట్టున నిలబడి సెల్‌ఫోనులో మాట్లాడుతున్నవాడు అదే మాట అంటే అది సాకు. ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించారని తిర్మిజీ హదీసు.

ఇక సంకల్పం. గునాహ్ వేరు, జమాన్ వేరు. మొదటిది మనసును బట్టి ఉంటుంది. రెండోది అంటే నష్టపరిహార బాధ్యత, అది జరిగిన నష్టాన్ని బట్టి ఉంటుంది. అన్నిసా సూరా 92వ ఆయతు చూడండి. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాని మీద కూడా పరిహారం, ప్రాయశ్చిత్తం విధించబడ్డాయి. అతనికి చంపే ఉద్దేశం లేదని అల్లాహ్‌కు తెలుసు. అయినా ఒక ప్రాణం పోయింది. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడే దానికి బాధ్యుడన్న హదీసు అబూ దావూద్‌లో ఉంది. అతనూ మేలు చేయాలనే పూనుకొని ఉండవచ్చు.

ఈత నేర్పేవాని గురించి ఫిఖహ్ గ్రంథాల్లో ప్రత్యేక చర్చ ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. నేర్పమని అప్పగించిన బాలుడు నీట మునిగి చనిపోతే దియత్ చెల్లించాలని ఇమామ్ నవవీ (మరణం హి. 676) 'మిన్హాజ్'లో రాశారు. ఇమామ్ ఇబ్నె ఖుదామా (మరణం హి. 620) 'అల్ ముగ్నీ'లో కారణం కూడా చెప్పారు: తండ్రి బిడ్డను అప్పగించింది జాగ్రత్తగా కాపాడటానికే. మునిగాడంటే కాపలాలో లోపం ఉన్నట్టే. అంటే తండ్రి అనుమతి బాధ్యతను తగ్గించదు, ఆ అనుమతితోనే బాధ్యత మొదలవుతుంది! అదే చోట ఆయన ఖాజీ అబూ యాలా అభిప్రాయాన్నీ పేర్కొన్నారు: పిల్లవాని మేలు కోసం ఆనవాయితీ ప్రకారం నేర్పినవానిపై బాధ్యత ఉండదు. (మన జిల్లాల్లో హనఫీలే ఎక్కువ. నేను ఫత్వా ఇవ్వటం లేదు, పెద్దలు ఆలోచించిన తీరు చూపుతున్నాను.)

ఆ యువకునికి రెండో అభిప్రాయం నచ్చింది. నేను అడిగాను, "మన గోదావరి ఆనవాయితీ ఏమిటి బాబూ?" మన తాతలు నడుముకు తాడు కట్టేవారు, వీపుకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టేవారు, మొలలోతు నీళ్ళలోనే మొదలుపెట్టేవారు. దిగేముందు గెడకర్రతో లోతు చూసేవారు. ఇవేవీ చేయనివానికి ఖాజీగారి మాట కూడా ఆసరా కాదు.

"మరి పెద్దవాళ్ళైతే?" అన్నాడు. పెద్దవాడు తన చేతిలో తానే ఉంటాడు, నేర్పేవాడు అజాగ్రత్తగా లేకపోతే అతనిపై ఏమీ లేదని ఇబ్నె ఖుదామా అంటారు. ఆ 'అజాగ్రత్తగా లేకపోతే' అన్న షరతులోనే ఉంది అసలు విషయం. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి కళాశాల విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. చిన్నపిల్లలేమీ కాదు, ఇంజినీరింగ్ చదువుతున్నవారు. కానీ పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదులుతారని వారికెలా తెలుస్తుంది? ప్రమాదం తెలియనివాడు తన చేతిలో తానున్నాడని ఎలా అనగలం? 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అందులో విద్యుత్ బోర్డుది 60 శాతం, కళాశాలది 30, ప్రభుత్వానిది 10. షరీఅత్‌లో కూడా పొరపాటు మరణానికి దియత్‌ను ఒక్కడే మోయడు, అతని 'ఆఖిలా', అంటే వెనకున్న బంధువర్గం పంచుకుంటుంది. రెండూ ఒకటి కాకపోయినా, ఒక మనిషిని ముందుకు తోసి వెనకున్నవారు తప్పుకోవటం రెండింటిలోనూ లేదు. పిల్లల్ని పంపే మస్జిదు కమిటీలు, క్రికెట్, కబడ్డీ శిక్షణ పెట్టే సంఘాలు ఇది గమనించాలి. దేశ చట్టం కూడా గట్టిపడింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది ఐదేళ్ళు.

"అయితే నేర్పడం మానేయమంటారా హజ్రత్?" అన్నాడు చిన్నబోయి.

"ఏటిగట్టున పుట్టినవాడికి ఈత రాకపోవడమూ ప్రమాదమే కదా. ఒకసారికి ఎంతమందిని దింపుతావు?"

"పద్నాలుగు, పదిహేను."

"నీకున్నవి రెండు కళ్ళు."

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్క వేసుకున్నాడు: తనతో నలుగురు పిల్లలు, గట్టున తాడు పట్టుకొని ఇంకొకడు, గుంటలున్న చోట గుర్తుకు వెదురు బొంగులు. లేచి చెప్పులు వేసుకుంటూ, ఆ తండ్రి ఇంటికి తనతోపాటు రమ్మని నన్ను అడిగాడు. ఇద్దరం వెళ్ళాం.